రోగం పేరు తేలకముందే మందు ఎందుకు?
అత్యవసర వైద్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువభాగం ఒకే అనుమానం చుట్టూ తిరిగాయి. రక్తపరీక్షల ఫలితాలు రాకముందే అత్యవసర విభాగంలో ఇంజెక్షను ఎలా ఇచ్చారని కొందరు, బాగానే ఉందన్న పరీక్షనే మళ్ళీ మళ్ళీ ఎందుకు చేశారని కొందరు అడిగారు. మామూలు ఓ.పి. గదిలో వైద్యుడు రోగం ఏమిటో తేల్చుకున్న తరువాత మందు రాస్తాడు. అత్యవసర విభాగంలో ముందుగా తేల్చుకోవలసింది వేరు: ఈ లక్షణాలు తెచ్చిపెట్టగల జబ్బులలో ఈ గంటలోనే ప్రాణం తీయగలది ఏది, అది ఈ మనిషిలో లేదని ఇప్పుడే చెప్పగలమా? చెప్పలేకపోతే, అది ఉన్నట్టుగానే భావించి పని మొదలుపెడతారు. కింది జవాబులలో చాలావాటిలో ఈ పద్ధతి కనిపిస్తుంది. దీనికి లొంగని జబ్బు కూడా ఒకటి ఉంది, దాని సంగతి అయిదో జవాబులో చూడవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్ళు, చాలాకాలంగా షుగరు ఉంది. ఒక రాత్రి భోజనం తరువాత పొట్ట పైభాగంలో బరువుగా ఉందని, చెమటలు పడుతున్నాయని అన్నారు. మా ఊరి ఆర్.ఎం.పి. గారు గ్యాసుకు ఇంజెక్షను చేశారు. తగ్గకపోవడంతో దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. ఈ.సి.జి. బాగానే ఉందన్నారు గాని ఇంటికి పంపలేదు. ముప్పావు గంటలో మరో రెండుసార్లు తీసి, మూడోదానిలో గుండెపోటు కనిపించిందని, అక్కడే గడ్డ కరిగించే ఇంజెక్షను ఇచ్చి ఆ తరువాత విశాఖపట్నం పంపారు. మొదటి ఈ.సి.జి. తప్పుగా తీశారా? నేరుగా విశాఖపట్నం పంపి ఉంటే స్టెంటు వేసేవారు కదా?
ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: మొదటి ఈ.సి.జి.లో తప్పేమీ లేదు. అది తీసిన పది సెకన్లలో గుండె ఎలా ఉందో మాత్రమే ఆ కాగితం చెబుతుంది. గుండె కండరానికి రక్తం అందించే ధమనిలో గడ్డ ఒక్కసారిగా పూర్తిగా బిగుసుకోకపోవచ్చు. కొంత మూసుకుని, మళ్ళీ కాస్త తెరుచుకుని, చివరికి పూర్తిగా మూసుకుపోవచ్చు. అందువల్ల గుండెపోటు ఉన్నవారిలో కొందరికి మొదటి ఈ.సి.జి. మామూలుగానే కనిపిస్తుంది. నొప్పి ఉన్నంతసేపూ ప్రతి 15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి తిరిగి తీసి, వెనుకటి కాగితంతో పక్కపక్కన పెట్టి పోల్చడమే సరైన పద్ధతి. ట్రోపోనిన్ అనే రక్తపరీక్షకూ ఇదే పరిమితి ఉంది. కండరం దెబ్బతిన్న తరువాత ఆ పదార్థం రక్తంలో స్పష్టంగా పెరగడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు గంటలు పడుతుంది కాబట్టి, నొప్పి మొదలైన గంటలోనే చేసిన పరీక్ష బాగుందని ఊరట చెందడానికి వీలులేదు. మీ నాన్నగారిని ఇంటికి పంపకుండా ఉంచిన వైద్యుడు, యంత్రం చెప్పినదానికంటే చెమటలు పట్టిన మనిషిని ఎక్కువగా నమ్మాడు. ఆ నమ్మకమే ఆయనను కాపాడింది.

నొప్పి పొట్ట పైభాగంలో రావడానికి కారణం ఉంది. గుండె కింది గోడ ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర) మీద ఆనుకుని ఉంటుంది; ఆ గోడకు రక్తం ఆగినప్పుడు ఛాతీనొప్పికి బదులు వాంతి, వికారం, పొట్టలో బరువు రావచ్చు. షుగరు ఉన్నవారిలో నరాలు మొద్దుబారి ఉండటం వల్ల నొప్పి లేకుండా ఆయాసం, చెమట, నీరసం మాత్రమే కనిపించడమూ ఉంది. ఆర్.ఎం.పి. గారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, పల్లెలో అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. అయితే నలభై దాటిన మనిషికి, అందులోనూ షుగరు ఉన్న మనిషికి, చెమటతో కూడిన పొట్టనొప్పి వచ్చినప్పుడు గ్యాసు అనే మాట ఈ.సి.జి. తీసిన తరువాతే అనాలి.

ఇలాంటి సమయంలో చాలామంది గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్ర ఇంట్లో ఉంటే నాలుక కింద పెడతారు. గుండె కింది గోడతోపాటు కుడిభాగం కూడా దెబ్బతిన్నప్పుడు ఆ మాత్ర వల్ల బి.పి. ఒక్కసారిగా పడిపోయి మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది. అందుకే ఆసుపత్రిలో కింది గోడ గుండెపోటు అని తేలగానే ఛాతీ కుడివైపు కూడా ఈ.సి.జి. తీస్తారు. ఆస్పిరిన్ సంగతి వేరు. ఆ మందు పడనివారు, రక్తస్రావం అవుతున్నవారు, నొప్పి వీపులోకి చీల్చినట్టు వస్తున్నవారు కాకపోతే 300 లేదా 325 మిల్లీగ్రాముల మాత్రను నమిలి మింగడం మేలుచేస్తుంది. నమలమనడం ఎందుకంటే అది త్వరగా రక్తంలో కలుస్తుంది.

ఇక విశాఖపట్నం మాట. స్టెంటు వేయడం మెరుగైన చికిత్సే. అయితే గుండెపోటు అని గుర్తించినప్పటి నుంచి 120 నిమిషాలలోపు ధమని తెరిచే అవకాశం ఉన్నప్పుడే దాన్ని మొదటి చికిత్సగా ఎంచుకోవాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ 120 నిమిషాలలో అంబులెన్సు రావడం, విజయనగరం దాటి విశాఖపట్నం చేరడం, అక్కడ కేథ్ ల్యాబ్ (తీగతో ధమని తెరిచే గది) సిద్ధం కావడం, తీగ ధమనిలోకి వెళ్ళడం అన్నీ పూర్తికావాలి. చీపురుపల్లి నుంచి రాత్రివేళ అది జరిగే పని కాదు. అప్పుడు గడ్డ కరిగించే మందును ఉన్నచోటనే, నిర్ధారించిన అరగంటలోపు, ఇవ్వడమే ఉత్తమం. టెనెక్టిప్లేస్ అయితే రోగి బరువును బట్టి ఒకే మోతాదుగా నరంలోకి ఇస్తారు, స్ట్రెప్టోకైనేజ్ అయితే 15 లక్షల యూనిట్లను అరగంట నుంచి గంట వరకు ఎక్కిస్తారు. నొప్పి మొదలైన 12 గంటలవరకు ఈ మందు ఇవ్వవచ్చుగాని, మొదటి రెండు మూడు గంటల్లో ఇచ్చినప్పుడు కలిగే మేలు ఆ తరువాత ఉండదు. మందు ఇచ్చిన గంట, గంటన్నరకు మళ్ళీ ఈ.సి.జి. తీసి, గుండెపోటు వల్ల అందులో పైకి లేచిన గీత సగానికి పైగా దిగిందా లేదా చూస్తారు. దిగితే 3 నుంచి 24 గంటల మధ్య యాంజియోగ్రాం చేస్తారు, దిగకపోతే వెంటనే చేయాలి. మీ నాన్నగారిని ఇంజెక్షను తరువాత పంపింది అందుకే.

ఈ మందుకు ముందు వైద్యుడు వేసే ప్రశ్నలకు ఇంటివారు ఓపికగా, నిజంగా జవాబు చెప్పాలి. ఇంతకుముందు మెదడులో రక్తస్రావం జరిగిందా, ఈమధ్య పక్షవాతం గాని పెద్ద ఆపరేషను గాని అయిందా, మలంలో రక్తం పోతోందా, నొప్పి వీపులోకి చీల్చినట్టుగా వచ్చిందా అని అడుగుతారు. చివరిది గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమని గోడ చీలడానికి గుర్తు. రెండు చేతుల్లో బి.పి. బాగా తేడాగా ఉన్నా అదే అనుమానం వస్తుంది. ఆ స్థితిలో గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణం పోతుంది. అన్నీ సరిచూసి ఇచ్చినా వందమందిలో సుమారు ఒకరికి మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం మిగిలే ఉంటుంది. సంతకం అడిగేది దానికోసమే.

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్ళు. కిడ్నీ జబ్బుతో వారానికి రెండుసార్లు డయాలిసిస్ చేయించుకుంటోంది. చెల్లి పెళ్ళి పనుల్లో ఒక డయాలిసిస్ తప్పిపోయింది. ఎండకు నీరసపడిందని రోజుకు రెండేసి కొబ్బరిబొండాలు తాగించాం. మూడోనాటికి కాళ్ళు కదపలేకపోయింది, నాడి నెమ్మదించింది. ఆసుపత్రిలో రక్తపరీక్ష ఫలితం రాకుండానే, ఈ.సి.జి. చూసి వెంటనే నరానికి ఒక మందు ఎక్కించి, ఆ వెనుకే ఇన్సులిన్ ఇచ్చారు. మా అమ్మకు షుగరు లేదు. షుగరు లేని మనిషికి ఇన్సులిన్ ఎందుకు ఇచ్చినట్టు?
ఒక పాఠకురాలు, కవిటి

జవాబు: మీ అమ్మగారికి ప్రాణాపాయం తెచ్చింది రక్తంలో పెరిగిన పొటాషియం. ఇది కిడ్నీలు పనిచేయని మనిషిని ముందస్తు హెచ్చరిక పెద్దగా లేకుండానే తీసుకుపోగలదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతంలో ప్రతి ఇంటికీ తెలియవలసిన సంగతి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మన శరీరంలోని పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తంలో ఉండేది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మాత్రమే. ఈ కొద్దిపాటి మొత్తాన్ని హద్దులో ఉంచే పని ప్రధానంగా కిడ్నీలది. అవి పనిచేయనప్పుడు, డయాలిసిస్ కూడా తప్పినప్పుడు, తిన్న పొటాషియం రక్తంలోనే పేరుకుంటుంది. 6.5 దాటితే గుండెలోని విద్యుత్ ప్రసారం దెబ్బతినవచ్చు. ఈ.సి.జి.లో టి తరంగం గుడారంలా మొనదేలి పైకి లేస్తుంది, ఆ తరువాత పి తరంగం మాయమవుతుంది, ఆపైన గీతలన్నీ వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోయి గుండె ఆగిపోతుంది. కాళ్ళు లేవకపోవడం, నాడి నెమ్మదించడం కూడా ఈ జాబితాలోవే. డయాలిసిస్ తప్పిన మనిషిలో ఇలాంటి ఈ.సి.జి. కనిపించాక ప్రయోగశాల నుంచి అంకె వచ్చేవరకు ఎదురుచూడటం క్షమించరాని ఆలస్యం. అంకె తరువాత రానే వస్తుంది.

మొదట ఎక్కించినది కాల్షియం గ్లూకొనేట్ అయి ఉంటుంది. అది పొటాషియాన్ని ఏమాత్రం తగ్గించదు. గుండె కణాల పొరను స్థిరపరచి, ఒకటి నుంచి మూడు నిమిషాల్లో లయను నిలబెడుతుంది. దాని ప్రభావం అరగంట నుంచి గంట వరకే. ఆ వ్యవధిలో పొటాషియాన్ని రక్తం నుంచి కణాల లోపలికి తోయాలి, అది ఇన్సులిన్ చేసే పని. చక్కెరను కణాల్లోకి పంపడమే ఇన్సులిన్ పని అని మనం అనుకుంటాంగాని, అదే సమయంలో అది పొటాషియాన్ని కూడా లోపలికి పంపుతుంది. సాధారణంగా 10 యూనిట్ల ఇన్సులిన్‌తో పాటు 25 గ్రాముల గ్లూకోజు ఇస్తారు. ఆ గ్లూకోజు లేకపోతే షుగరు పడిపోయి కొత్త ప్రమాదం వస్తుంది. కిడ్నీ జబ్బువారిలో ఇన్సులిన్ త్వరగా విరిగిపోదు కాబట్టి తరువాత కొన్ని గంటలపాటు గంటగంటకూ వేలు గుచ్చి షుగరు చూస్తారు. విసుక్కోకండి. ఆస్తమాకు వాడే సాల్‌బ్యుటమాల్‌ను ఎక్కువ మోతాదులో నెబ్యులైజరు ద్వారా ఇవ్వడం కూడా ఈ చికిత్సలో భాగమే. అదీ పొటాషియాన్ని కణాల్లోకే పంపుతుంది.

ఇవన్నీ నాలుగు నుంచి ఆరు గంటల గడువు సంపాదించే ఉపాయాలు మాత్రమే. పొటాషియాన్ని ఒంట్లోంచి బయటకు తీసేది డయాలిసిసే. సోంపేటలో డయాలిసిస్ సదుపాయం ఉంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. శుభకార్యాల తేదీలు కుదుర్చుకునేటప్పుడే డయాలిసిస్ రోజులు చూసుకోవడం మన ప్రాంతంలో ముహూర్తం చూసుకోవడమంత ముఖ్యం.

కొబ్బరినీళ్ళ సంగతి చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంటుంది. పెరట్లో చెట్టున్న ఇంట్లో నీరసపడిన మనిషికి బొండాం కొట్టి ఇవ్వడం కంటే సహజమైన పని మరొకటి లేదు. కాని వంద మిల్లీలీటర్ల కొబ్బరినీళ్ళలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక్క బొండాంతో ఆరేడువందల మిల్లీగ్రాములు లోపలికి వెళతాయి. కిడ్నీలు బాగున్నవారికి అది మేలు, డయాలిసిస్ మీద ఉన్నవారికి అది విషంతో సమానం. అరటిపండ్లు, జీడిపప్పు, ఓ.ఆర్.ఎస్. పొట్లం, సోడియం తగ్గించామని చెప్పి అమ్మే ఉప్పు కూడా ఈ కోవలోనివే, ఆ ఉప్పులో తగ్గించిన సోడియం స్థానంలో ఉండేది పొటాషియమే. టెల్మిసార్టాన్ వంటి బి.పి. మాత్రలు, స్పైరనోలాక్టోన్, కీళ్ళనొప్పులకు దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ కూడా పొటాషియాన్ని పెంచుతాయి. బి.పి. మాత్రలను సొంతంగా మానవద్దు, వైద్యుడిని అడగండి. నొప్పి మాత్రలను మాత్రం అడగకుండానే మానేయవచ్చు.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ళ బాబు వానాకాలంలో నేలమీద చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి అన్నాడు. గంటకల్లా కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. పాము కనిపించలేదు, గాటు కూడా కనిపించలేదు. అయినా ఆసుపత్రిలో పాముకాటుగా భావించి పది సీసాల మందు ఎక్కించారు, వెంటిలేటరు మీద పెట్టారు. బాబు బాగయ్యాడు. చూడని పాముకు మందు ఎలా ఇచ్చారు? పిల్లవాడికి పెద్దవాళ్ళ మోతాదు ఎందుకు?
ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: నేలమీద నిద్ర, తెల్లవారుజామున కడుపునొప్పి, ఆ వెనుకే వాలిన కనురెప్పలు. ఈ మూడూ కలిసి వస్తే అది కట్లపాము కాటే అనుకుని వైద్యం మొదలుపెట్టాలి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, దాని కోరలు చిన్నవి, కాటు చాలాసార్లు నొప్పి పెట్టదు, వాపు రాదు, నిద్రలో ఉన్న మనిషికి మెలకువ కూడా రాకపోవచ్చు. గాటు కనిపించకపోవడం దాని లక్షణాలలోదే. రక్తం గాజు గొట్టంలో 20 నిమిషాల్లో గడ్డకడుతుందా లేదా అని చేసే పరీక్ష రక్తపింజర కాటును పట్టిస్తుందిగాని, కట్లపాము విషయంలో మామూలుగానే వస్తుంది. ఆ పరీక్ష బాగుందని విషం లేదనుకోవడానికి వీలులేదు.

మన దేశంలో తయారయ్యే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటికీ కలిపి తయారైనది. కాబట్టి పాము ఏదో తేల్చడం కోసం దాన్ని వెతికి, చంపి, సంచిలో వేసి తేవలసిన అవసరం లేదు, ఆ ప్రయత్నంలో రెండో మనిషి కాటు తినడమూ జరుగుతుంది. మోతాదు పిల్లలకూ పెద్దలకూ ఒకటే. పాము పిల్లవాడని చూసి తక్కువ విషం వదలదు, మందు పనిచేయవలసింది విషం మీద, పిల్లవాడి బరువు మీద కాదు. ఈ మందు కొందరికి పడక దద్దుర్లు, ఆయాసం, బి.పి. పడిపోవడం జరగవచ్చు గనుక వాటిని అణచే ఎడ్రినలిన్ ఇంజెక్షను పక్కనే సిద్ధంగా ఉంచుకుని ఎక్కిస్తారు.

మందు ఎక్కించినా వెంటిలేటరు ఎందుకు అవసరమైందో కూడా చెప్పాలి. కట్లపాము విషం నరాల చివరలను లోపలినుంచి దెబ్బతీస్తుంది. విరుగుడు మందు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదుగాని, అప్పటికే దెబ్బతిన్న నరాల చివరలను బాగుచేయలేదు. అవి తిరిగి మొలవడానికి రోజులు పడుతుంది. అంతవరకు ఊపిరి యంత్రం ఇవ్వాలి. ఈ దశలో ఒక భయంకరమైన పొరపాటుకు అవకాశం ఉంది. కంటిపాపలు పెద్దవై వెలుతురుకు కదలవు, చేయి కదలదు, కళ్ళు తెరవలేరు. చూసినవారు మెదడు పోయిందనుకుంటారు. లోపల ఆ మనిషికి స్పృహ ఉండవచ్చు, మన మాటలు వినిపిస్తూ ఉండవచ్చు. అందువల్ల కట్లపాము కాటులో ఈ గుర్తులు చూసి ఆశ వదులుకోకూడదు, మంచం పక్కన నిలబడి ఏడుపులు, అంత్యక్రియల మాటలు మాట్లాడకూడదు.

కాటు పడిన చోట కోయడం, పీల్చడం, పసరు పూయడం, తాడుతో బిగించి కట్టడం హానిచేస్తాయి. చేతిని గాని కాలిని గాని ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కర్ర ఆధారంతో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా తీసుకురావడమే చేయవలసింది. వానాకాలంలో మంచంమీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోండి. దోమతెర దోమనే కాదు, కట్లపామును కూడా ఆపుతుంది.

ప్రశ్న: పిడుగు పడిన మనిషిని ముట్టుకుంటే మనకూ షాక్ కొడుతుందని మా పొలాల్లో ఎవరూ దగ్గరకు పోరు. ఇది నిజమా?
ఒక పాఠకుడు, లావేరు

జవాబు: నిజం కాదు. పిడుగు సెకనులో చిన్న భాగంలో వచ్చి పోతుంది, ఒంట్లో కరెంటు మిగలదు. వెంటనే ముట్టుకోవచ్చు, ముట్టుకోవాలి కూడా. మళ్ళీ పిడుగు పడే ప్రమాదం ఉంటే మనిషిని చెట్టుకిందనుంచి, గట్టుమీదనుంచి పక్కకు చేర్చి మొదలుపెట్టండి.

పిడుగుపాటులో గుండె ఆగినా చాలాసార్లు అదే తిరిగి మొదలవుతుంది, ఊపిరిని నడిపే మెదడు కేంద్రం మాత్రం ఇంకా స్తంభించి ఉంటుంది. ఊపిరి అందక గుండె రెండోసారి ఆగిపోతుంది. మధ్యలోని ఆ కొద్ది నిమిషాలలో నోటితో ఊపిరి ఇస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది. నాడి అందకపోతే ఛాతీ మధ్య రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో, అయిదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. 30 నొక్కులకు 2 ఊపిర్లు. వరినాట్ల సమయంలో ఒకేసారి నలుగురైదుగురు పడిపోవడం మన దగ్గర జరుగుతూనే ఉంటుంది. మామూలుగా ఒకేసారి చాలామంది గాయపడిన ప్రమాదాలలో ఊపిరి, నాడి లేనివారిని చివరకు వదిలి, ప్రాణం ఉన్నవారిని ముందు చూస్తారు. పిడుగుపాటులో ఇది తలకిందులు. మూలుగుతున్నవారు చాలావరకు బతుకుతారు, కదలక పడి ఉన్నవారి దగ్గరకే ముందు వెళ్ళాలి.

ప్రశ్న: మా అత్తగారికి ఉదయం లేచేసరికి కుడిచేయి పడిపోయి, మూతి వంకర పోయింది. బి.పి. 190 ఉందని పక్కింటివారు నాలుక కింద మాత్ర పెట్టించారు. బంధువులు పావురం రక్తం రాయిద్దామన్నారు. ఆసుపత్రి చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ ముందు షుగరు చూసి, స్కాను తీసేవరకు ఏ మందూ ఇవ్వలేదు. అంత అత్యవసరమైతే మందు ఎందుకు ఆపారు?
ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మొదట్లో చెప్పిన పద్ధతికి లొంగని జబ్బు ఇదే. పక్షవాతం రెండు కారణాల వల్ల వస్తుంది: మెదడు ధమని మూసుకుపోవడం, లేదా చిట్లడం. బయటి లక్షణాలు రెండింటిలోనూ ఒకటే, ఎంత అనుభవమున్న వైద్యుడైనా కేవలం చూసి తేడా చెప్పలేడు. మొదటిదానికి పనిచేసే మందు రెండోదానిలో చంపుతుంది. అందుకే సి.టి. స్కాను చూడకుండా గడ్డ కరిగించే మందు గాని ఆస్పిరిన్ గాని ఇవ్వరు, ఇంట్లో కూడా ఇవ్వకూడదు. షుగరు పడిపోయినప్పుడు కూడా అచ్చం పక్షవాతంలాగే చేయి పడిపోవడం, మాట తడబడటం జరుగుతుంది, గ్లూకోజు ఎక్కించగానే సర్దుకుంటుంది. వేలు గుచ్చి ముందుగా చూసింది అది కాదని తేల్చుకోవడానికే.

స్కానులో రక్తస్రావం లేకపోతే, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు గడ్డ కరిగించే మందు ఇవ్వవచ్చు. మీ అత్తగారిలా నిద్రలేచేసరికి కనిపించిన సందర్భంలో లేచిన గంటను లెక్కలోకి తీసుకోరు, ఆరోగ్యంగా ఉండగా చివరిసారి చూసిన గంటనుంచి లెక్కిస్తారు. రాత్రి నీళ్ళకు లేచినప్పుడు ఆమెతో ఎవరైనా మాట్లాడారా అని వైద్యుడు పదేపదే అడిగేది అందుకే. ఆ ఒక్క జవాబు చికిత్సనే మార్చగలదు. పెద్ద ధమని మూసుకున్నప్పుడు గడ్డను తీగతో బయటకు లాగే పద్ధతిని ఆరుగంటల వరకు, ఎంపికచేసిన కొందరిలో 24 గంటల వరకు చేస్తారు. అది పెద్ద నగరాల ఆసుపత్రులలో జరిగే పని.

నాలుక కింద మాత్ర మేలుకంటే కీడే చేసి ఉండవచ్చు. ధమని మూసుకున్నప్పుడు పక్కదారుల గుండా మెదడుకు రక్తం తోయడానికి శరీరమే బి.పి.ని పెంచుకుంటుంది, దాన్ని హఠాత్తుగా దించితే ఇంకా బతికున్న భాగం కూడా పోతుంది. గడ్డ కరిగించే మందు ఇవ్వాలంటే బి.పి. 185/110 లోపు ఉండాలి, ఆ తగ్గింపును ఆసుపత్రిలో నరంద్వారా నెమ్మదిగా చేస్తారు. మింగే శక్తి పరీక్షించేవరకు నీళ్ళు, మాత్రలు కూడా నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పావురం రక్తం చర్మం మీద పారుతుంది, మెదడు లోపలి గడ్డకు దానితో సంబంధం లేదు. ఆ చర్చ జరిగేలోపు మూసుకున్న పెద్ద ధమని కింద నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. ఇంటినుంచి బయలుదేరేటప్పుడు 108కి ఫోను చేసి పక్షవాతం అనే మాటను మొదటే చెప్పండి. ఆమె వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకురండి. రక్తం పలచబరిచే మాత్ర వాటిలో ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది.

ప్రశ్న: నా భార్యకు ఆరు రోజులు జ్వరం. డెంగ్యూ లేదు, మలేరియా లేదు, వైడల్ పరీక్షలో టైఫాయిడ్ అన్నారు. రోజూ సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షను చేయించాం. తగ్గకపోగా ఆయాసం, మగత వచ్చాయి. పెద్దాసుపత్రిలో వైద్యురాలు ఒళ్ళంతా వెతికి, చంకలో ఒక నల్లమచ్చ చూసి, ఫలితం రాకుండానే వేరే మందు మొదలుపెట్టారు. రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఆ మచ్చ ఏమిటి?
ఒక పాఠకుడు, మెరకముడిదాం

జవాబు: అది స్క్రబ్ టైఫస్ అనే జ్వరపు మచ్చ. పొలంగట్ల మీద, తుప్పల్లో ఉండే కంటికి కనిపించనంత చిన్న నల్లిపిల్ల (మంచాల్లోని నల్లి కాదు, మైట్ అనే పురుగు పిల్ల) కుట్టినచోట, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి, దురద ఉండవు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుము చుట్టూ బట్ట బిగుసుకునే చోట ఉంటుంది కాబట్టి రోగికే తెలియదు. బట్టలు తొలగించి వెతికితే తప్ప దొరకదు. మహిళా రోగుల విషయంలో మొహమాటం వల్ల ఆ వెతుకులాట తరచూ జరగదు, ఆ వైద్యురాలు చేసింది గొప్ప పని. మచ్చ లేనివారు కూడా చాలామంది ఉంటారు.

స్క్రబ్ టైఫస్‌ను పట్టించే ఐ.జి.ఎం. ఎలైజా రక్తపరీక్ష సాధారణంగా అయిదు రోజులు దాటాకే పాజిటివ్ వస్తుంది, ఫలితం చేతికందడానికి మరికొంత సమయం పడుతుంది. మీ భార్యకు అప్పటికే ఆయాసం, మగత ఉన్నాయి. జ్వరంతో ఉన్న మనిషి నిమిషానికి 22 లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, పై బి.పి. 100కు గాని అంతకు కిందికి గాని దిగినా, మాటలో పొంతన తప్పినా ఒంటినిండా విషమించిన ఇన్ఫెక్షనుగా అనుమానించాలి. బి.పి. పడిపోయిన స్థితిలో అయితే మందు మొదటి గంటలోనే పడాలి. డాక్సీసైక్లిన్ చౌకైన మందు, స్క్రబ్ టైఫస్ అయితే 48 గంటల్లో జ్వరం దిగడం ద్వారా తానే రోగాన్ని నిర్ధారిస్తుంది కూడా. తీవ్రమైన జబ్బులో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఇస్తే ఏ ఒక్కదానికంటే మెరుగని మన దేశపు ఆసుపత్రుల్లో జరిగి 2023లో వెలువడిన పరిశోధన చూపింది. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు.

సెఫ్‌ట్రయాక్సోన్ పనిచేయకపోవడానికి కారణం, స్క్రబ్ టైఫస్ తెచ్చే బాక్టీరియా మన కణాల లోపల నివసిస్తుంది, ఆ మందు జాతి దెబ్బతీసే గోడ దీనికి దాదాపు లేదు. రోజూ ఇంజెక్షను పడుతోందన్న ధైర్యంతో ఇంటివారు ఆరు రోజులు ఆగిపోతారు. ఇక ఒక్కసారి చేసిన వైడల్ పరీక్షను నమ్మి టైఫాయిడ్ అని తేల్చడాన్ని నేను ఎప్పటినుంచో వ్యతిరేకిస్తున్నాను; మన ప్రాంతంలో పాత జ్వరాల వల్ల ఆ పరీక్ష చాలామందిలో ఎప్పుడు చేసినా పాజిటివే వస్తుంది. వానాకాలం మొదలుకొని చలికాలం వరకు, పొలం పనికి వెళ్ళే మనిషికి అయిదు రోజులు దాటిన జ్వరం ఉంటే, స్క్రబ్ టైఫస్ పరీక్ష చేయించమని మీరే అడగవచ్చు.